బొమ్మరైళ్ళు, పోతబండ్లు: దాచుట, తరలించుట

నేటి నా ప్రసంగవిషయమును విన్నంతనే కొందఱు పెద్దలు నవ్వవచ్చును. అరచేత నిముడు రైలింజనులను, పెట్టెలను, లోహముతో పోతపోసిన చిన్న మోటారుబండ్లను చెడకుండ దాచుట యెట్లు, ఒక యూరినుండి మఱియొక యూరికి విఱుగకుండ చేర్చుట యెట్లు అనునది విషయము. శబ్దరూపములును, ఛందస్సును చెప్పుచు బడిలో జీవితము గడపినవానికి ఈ గొడవ యేల యని మీరడుగుట న్యాయమే. దీనిని నేను గ్రంథములు చదివి నేర్చికొనలేదు. ముందు నష్టపడి, తరువాత నేర్చికొంటిని. నష్టమైనది నా సొమ్మును కాదు. అందువలననే యీ ప్రసంగము.

మాది నడికుడి. గుంటూరునుండి మాచర్లకు పోవు రైలుదారిలో నిది కూడలి స్టేషను. పగిడిపల్లినుండి నల్లగొండ మీదుగా వచ్చి కృష్ణ దాటిన మార్గము ఇచ్చటనే కలియును. నా చిన్నతనమున ఇచ్చట మీటరు గేజి బండియే యుండెడిది. ఆ పొగబండి కూత వినుచు పెరిగిన మా అన్నగారు పెద్దవారై రైల్వేలోనే గార్డుగా చేరిరి. ఆయన పెండ్లి చేసికొనలేదు. జీతములో మిగిలిన దానితో చిన్నరైళ్ళు కొనుచుండెడివారు. సెలవు దొరికినప్పుడెల్ల మదరాసు పోయి మూరు మార్కెట్టులోని పాతసామాను అంగళ్ళను గాలించెడివారు. 1985లో ఆ మార్కెట్టు అగ్నికి ఆహుతియైన వార్త విని ఆయన ఒకపూట భోజనము మానిరి. ఆయన పోవునాటికి నలుబదియాఱు బొమ్మలు మిగిలినవి. “తమ్ముడూ, వీనిని చిన్నదానికిమ్ము” అని నాతో చెప్పిరి. చిన్నదనగా నా మనుమరాలు. అప్పటికి దానికి నాలుగేండ్లు. పెద్దదగువఱకు దాచవలెనని నేను వానినన్నిటిని ఇనుప ట్రంకుపెట్టెలో సర్ది, కలరా ఉండలు గుప్పెడు వేసి, పాత సోఫాలోని స్పాంజి ముక్కలు కుక్కి, డాబాయింటి కప్పుక్రిందనున్న అటకమీద పెట్టించితిని. పట్టుబట్టలను దాచినట్లే దాచితిననుకొంటిని. ఆఱేండ్లకు పెట్టె తెఱచితిమి. పదునాలుగు చెడిపోయినవి. ఒక్కొక్కటి యేల చెడినదో చెప్పుటయే నేడు నేను చేయదలచిన పని.

ముందుగా వస్తువుల సంగతి కొంచెము తెలియవలయును. లివర్‌పూలు పట్టణపు ఫ్రాంక్ హార్న్‌బీ అను నాయన 1901లో, మరలతో బిగించి నానావిధములైన బొమ్మలు కట్టుకొను ఇనుపపట్టీల ఆటకు పేటెంటు పొందెను. తరువాత మెక్కానో యని పేరుపడినది అదియే. 1920లో ఆయన సంస్థ తాళముత్రిప్పిన పరుగెత్తు రైళ్ళను అమ్మసాగెను. ఆ రైళ్ళ స్టేషనుప్రక్కన నిలుపుటకై చేసిన చిన్న మోటారుబండ్లకు 1934లో డింకీ టాయ్స్ అను పేరు వచ్చెను. 1938లో వచ్చిన హార్న్‌బీ డబ్లో రైళ్ళు అంతకంటె చిన్నవి. వాని పట్టాల నడిమి వెడల్పు పదునాఱున్నర మిల్లీమీటర్లు. నేడు లోకమున మిక్కిలి వాడుకలోనున్న హెచ్ఓ కొలతకును పట్టాల వెడల్పు అదియే. కాని బండి అసలుదానిలో 87వ వంతు. మన పెరంబూరు కర్మాగారమున 1955 మొదలు తయారైన ప్రయాణికుల పెట్టె పొడవు ఇంచుమించు ఇరువదియొకటింబావు మీటర్లు. దానిని 87చే భాగించినచో ఇరువదినాలుగున్నర సెంటీమీటర్లు వచ్చును. ఈ లెక్క వేడుకకు చెప్పుటలేదు. దాచుపెట్టె గదులు ఎంత పొడవుండవలెనో ముందు తెలియనిచో, పెట్టె కొని తెచ్చిన పిదప బొమ్మను వంకరగా దూర్చవలసివచ్చును. అట్లు దూర్చినపుడే మెట్లును, గొలుసుకొక్కెములును విఱుగును.

ఇక పోతబండ్లు. వీనిని చేయు లోహము ప్రధానముగా యశదము, అనగా తుత్తునాగము. అందు నూటికి నాలుగుపాళ్ళు అల్యూమినియము, కొంచెము రాగి, లేశమాత్రము మెగ్నీషియము కలుపుదురు. 380, 390 డిగ్రీల నడుమనే ఇది కరగును. కరగిన లోహమును ఉక్కు అచ్చులోనికి ఒత్తిడితో ఎక్కించి బండ్లను తీయుదురు. ఈ మిశ్రమమునకు జమాక్ అని పేరు. జర్మనుభాషలో ఆ నాలుగు లోహముల పేర్ల మొదటియక్షరములను గ్రుచ్చి చేసిన మాట యిది. పాణిని ప్రత్యాహారములు నేర్చిన మనకు ఇట్టి పేరు వింతగా తోపదు. 1929లో అమెరికాలోని న్యూజెర్సీ జింక్ సంస్థవారు దీనిని రూపొందించిరి. వారి యసలు గొప్పతనము మిశ్రమమునందు కంటె, నూటికి 99.99 పాళ్ళు శుద్ధమైన యశదమును తీయుటయందున్నది. ఏలయనగా, ఈ లోహమునకు సీసము పరమశత్రువు. లక్షపాళ్ళలో ఐదాఱు పాళ్ళకు మించి సీసము చేరినచో, ఆ సీసము లోహపురేణువుల సందులలో నిలిచి, తేమ తగిలినంతనే లోపలినుండి తినసాగును. బండి ఉబ్బును, పైరంగు పొలుసులూడును, సన్నని నెఱ్ఱెలు పాఱును, కొంతకాలమునకు చేత పట్టుకొనగనే బెల్లపుటచ్చువలె చిట్లును. దీనినే యశదపుచీడ యందురు. రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వము చేసిన బండ్లలో ఇది తఱచు. ఆనాటి కర్మాగారములలో సీసపుతుక్కు యశదముతో కలియుచుండెడిది.

మా అన్నగారు మూరు మార్కెట్టులో కొన్న మూడు యుద్ధపూర్వపు డింకీ బండ్లు నా పెట్టెలో ఇట్లే పోయినవి. ఒక లారీ చక్రములపై నిలిచియే యున్నది గాని, ఎత్తబోవగా వెనుకభాగము పెట్టెలోనే ఉండిపోయినది. ఈ చీడకు మందులేదు. కొందఱు దీనిని అంటువ్యాధియని చెప్పి ప్రక్కబండ్లను వెలివేయుదురు. అది సరికాదు, సీసము ఒక బండినుండి మఱియొక బండికి నడచిపోదు. కాని వేడియు, తేమయు కలిసినచో చీడ వేగిరపడును. మా పల్నాటి వేసవి యెట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఎండలకు పేరుమోసిన రెంటచింతల మాకు పొరుగూరు. ఎండకు కాగిన కప్పుక్రింది అటక వేసవిలో బట్టీ. అక్టోబరు, నవంబరు మాసములలో తుపానుగాలి తేమను మోసికొనివచ్చును. ఈ రెంటికిని ఆఱేండ్లు ఆ బండ్లను నేను అప్పగించితిని. చల్లనిచోట ఉంచియుండినచో అవి బ్రదుకునని ప్రమాణము చేయలేను. ఇంకను కొంతకాలము నిలిచియుండెడివని మాత్రము చెప్పగలను.

కావున మొదటిమాట: అటక వద్దు, స్నానపుగది ప్రక్కగోడ వద్దు, వంటయింటి పొగ వద్దు. ఇంటి నడిమిగదిలో, నేలకు జానెడెత్తున, వెలుపలిగోడకు తగులకుండ ఉంచిన చెక్కబీరువాయో, ఇనుపబీరువాయో మేలు. నేలమీదనే పెట్టినచో చెమ్మయు, చెదలును పట్టును. మా ప్రాంతపు ఇండ్లలో గోడలోనే నాపరాతి పలకలు పఱచిన గూళ్ళుండును. అవి చల్లగానుండునని నేనును మొదట సంతోషించితిని. కాని వానాకాలమున వెలుపలిగోడ తడిసినపుడు ఆ గూటిలోని కాగితములు మెత్తబడుట చూచితిని. కాగితము మెత్తబడుచోట లోహమును దాచరాదు.

రెండవ అపరాధము కలరా ఉండలది. కాదు, వానిని వేసిన నాది. నాఫ్తలీను పట్టుచీరలకు కాపుగానుండును. కాని దాని యావిరి పాలిస్టైరీను అను ప్లాస్టికును మెత్తపఱచును. రైలుపెట్టెల పైడొప్పలు పెక్కు ఆ ప్లాస్టికుతోనే పోతపోయుదురు. మూసిన ఇనుపపెట్టె, అటకమీది వేడి, గుప్పెడు ఉండలు: ఈ మూడును కలిసి ఐదు ప్రయాణికుల పెట్టెలను పాడుచేసినవి. ఒకదాని కిటికీల వరుస నీరెండలో పెట్టిన మైనమువలె జాఱినది. రెండిటికి రంగు జిగటయై చుట్టిన కాగితము అచ్చుపడినది. పురుగుల భయమున్నచో ఎండిన వేపాకును గుడ్డమూటలో కట్టి, బొమ్మలకు తగులకుండ బీరువా అడుగున ఉంచవచ్చును. అంతకంటె మంచి యుపాయము, పెట్టెను నెలకొకసారి తెఱచి చూచుట. అట్టపెట్టెలను తిను వెండివన్నె పురుగులు వెలుగును, కదలికను ఓర్వవు.

మూడవది స్పాంజి. సోఫాలలో వేయు మెత్తని స్పాంజి పాలీయురిథేను అను పదార్థముతో చేసినది. తేమగాలిలో కొన్నియేండ్లకు అది తనంతట తాను విచ్చిపోయి, మొదట జిగటయు, పిదప పొడియునగును. నా పెట్టెలో నాలుగు ఇంజనులకు ఆ జిగట అంటుకొని, గోకినచో రంగుకూడ వచ్చినది. మెత్తదనము కావలసినచో పాలిథీను నురగపలకలను వాడవలయును. తెల్లగా, కొంచెము బిఱుసుగా నుండి, కొత్త యంత్రములు వచ్చు పెట్టెలలో కనిపించునవి అవియే. అవి చిరకాలము నిలుచును. వానినైనను బొమ్మ రంగుకు నేరుగా తగులనీయక, నడుమ ఆమ్లములేని పలుచని తెల్లకాగితము చుట్టవలెను. వార్తాపత్రికలు పనికిరావు. వానియందు ఆమ్లము గలదు, సిరాయు అంటును. దూదియు వద్దు. అది తేమను పట్టి యుంచును. తీయునపుడు దాని పోగులు చేతికఱ్ఱలకు, గొట్టములకు చిక్కి వానిని పెఱికివేయును. రబ్బరుపట్టీలు మఱియు వద్దు. ఎండకాలము గడచునప్పటికి అవి కరగి, గీతవలె రంగులో దిగబడును. గాలిబుడగల ప్లాస్టికు తరలించునపుడు మంచిదేగాని, అదే చుట్టి యేండ్లతరబడి దాచినచో బుడగల గుండ్రనిమచ్చలు రంగుమీద పడును.

మిగిలిన రెండు బొమ్మలు బ్యాటరీలచే పోయినవి. దీపములు వెలుగు బండ్లలో మరచిన ఘటములు కాఱి, రాగితీగలను పచ్చగా తినివేసినవి. దాచుటకు ముందు బ్యాటరీ తీయవలెనని చెప్పుటకు పండితుడు కావలసినపని లేదు; అయినను ఆనాడు పండితునకు తట్టలేదు.

పదునాలుగింటికి లెక్క సరిపోయినది. ఇక నా పెట్టెలో జరుగక పోయినను ఇతరులకు జరుగు కీడులు కొన్ని గలవు. మెత్తని వినైలు టైర్లలోని తైలమువంటి పదార్థము కాలక్రమమున వెలుపలికి వచ్చి, అవి ఆనియున్న పాలిస్టైరీను ప్లాస్టికును కరగించును. చక్రములు ప్లాస్టికు పలకపై ఆనకుండ క్రింద కాగితము వేసిన చాలును. సూర్యరశ్మి రంగులను వెలయించి, తెల్లప్లాస్టికును పసుపుచేయును. అద్దపుబీరువాను కిటికీకి ఎదురుగా నుంచరాదు. చేతిచెమటలోని ఉప్పు లోహమును తినును. బండిని పట్టుకొనుటకు ముందు చేతులు కడిగి తుడిచికొనవలెను. వెండిపూత, నికెలుపూత గల వానిని నూలుచేదొడుగులతో ఎత్తవలెను.

మా ప్రాంతమునకు ప్రత్యేకమైన కీడొకటి గలదు. పిడుగురాళ్ళ, దాచేపల్లి ప్రాంతములలో సున్నపుబట్టీలును, సిమెంటు కర్మాగారములును మెండు. ఆ సన్నని తెల్లనిదుమ్ము మా యిండ్ల కిటికీలలో నిత్యము పేరుకొనును. యశదమునకు ఆమ్లము ఎంత పగయో క్షారమును అంతే పగ. పొడిదుమ్ము పొడిగా నున్నంతవఱకు పెద్ద హాని లేదు. మన ఇల్లాండ్రు శుభ్రము చేయుదమని తడిగుడ్డతో తుడిచినచో, సున్నము నీటితో కలిసి రంగుపొరలేనిచోట లోహమును పట్టును. కావున సున్నపుదుమ్మును మెత్తని పొడికుంచెతో, ఒకే దిక్కుగా, మెల్లగా దులుపవలెను. చిత్రకారులు వాడు ఉడుతతోక కుంచె ఇందుకు మిక్కిలి తగినది. నోటితో ఊదరాదు, తుంపరలు పడును.

తేమనుగూర్చి ఒకమాట. గాలిలోని తేమను చూపు చిన్నయంత్రములు నేడు చౌకగా దొరకుచున్నవి. పెట్టెలో ఒకటి ఉంచి, ముల్లు నూటికి 40, 55ల నడుమ నుండునట్లు చూచికొనవలెను. తేమ పీల్చుటకు సిలికాజెల్ గుళికలు మందుసీసాలలోను, చెప్పులపెట్టెలలోను వచ్చును. నీలిరంగు గుళికలు తేమ నిండినంతనే గులాబిరంగగును. వానిని 110, 120 డిగ్రీల వేడిలో కొన్నిగంటలుంచినచో మరల నీలమై, మరల పనికివచ్చును. నీలిరంగునిచ్చునది కోబాల్టు క్లోరైడను విషపదార్థము, పసిపిల్లలకు అందనీయరాదు. మఱియు, పెట్టెను మితిమీఱి ఎండబెట్టుటయు మంచిదికాదు. పాత అట్టపెట్టెలు పెళుసై మడతలలో చీలును. బొమ్మ వచ్చిన అసలు అట్టపెట్టె బొమ్మతోపాటు విలువగలది; సేకరించువారు దానిని పారవేయరు. నేను మూడు పారవేసితిని. ఆ సంగతి మా మనుమరాలికి ఇంకను చెప్పలేదు. ఈ ప్రసంగము వినినచో తెలియును.

ఇంజనులకు వేఱొక యవసరము గలదు. వాని కడుపులో చిన్న విద్యుత్ మోటారును, పండ్లచక్రములును ఉండును. ఏండ్లతరబడి కదలకుండ నున్నచో నూనె గట్టిపడి జిగురగును. రెండుమూడు మాసములకొకసారి కొంచెముసేపు నడపుట మేలు. పట్టాలపై జాఱకుండుటకై కొన్ని చక్రములకు రబ్బరు వలయములు తొడుగుదురు. ఒకేచోట బరువానియుండినచో అవి నొక్కుపడును. మా అన్నగారు ప్రతి ఆదివారము ఒక ఇంజనును బయటికి తీసి నడపెడివారు. ఆటయనుకొని మేము నవ్వెడివారము. అది సంరక్షణమని నాకు తెలిసినది ఆయన పోయిన పిదపనే.

మన యిండ్లలో ఈ విద్య మునుపు లేకపోలేదు. సంక్రాంతికి బొమ్మలకొలువు పెట్టు ఇల్లాండ్రు బొమ్మలను పాత మెత్తని ధోవతిగుడ్డలలో వేఱువేఱుగ చుట్టి, ఏడాదికొకసారి తప్పక విప్పి, ఎండ తగులని గాలికి ఆఱబెట్టి, మరల సర్దుచుండిరి. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కఱ్ఱతో చేసినది. ఆ కఱ్ఱ తేలికయైనది, కాని చేతులును కాళ్ళును వేఱుగ చెక్కి, చింతగింజల జిగురును, రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికినవి. ఆ యతుకు నీటికి ఓర్వదు. ఏటికొప్పాక బొమ్మ అంకుడుకఱ్ఱను తరిమెనపట్టి లక్కపూసినది. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఏటికొప్పాకవారు చక్కని చిన్నరైళ్ళను కూడ చేయుదురు. లక్క వేడికి మెత్తబడును. రెండుబొమ్మలను ఆనించి వేసవిలో దాచినచో ఒకదానిరంగు మఱియొకదానికి అంటును. మా అమ్మగారు ఈ రెంటిని ఎన్నడును ఒకే పెట్టెలో పెట్టెడిది కాదు. కారణమడిగినచో “పెట్టకూడదు” అనెడిది, అంతే. ఆమె యింటి కొడుకునై యుండియు నేను కలరా ఉండలు వేసితిని.

ఇప్పుడు తరలింపు. నిరుడు వేసవిసెలవులకు మనుమరాలు నడికుడి వచ్చినది. పదియేండ్లది. “తాతయ్యా, పెద్దతాతయ్య రైళ్ళు నాకిస్తానన్నారటగా, నేను పెద్దదాన్నయ్యాను” అని నిలదీసినది. ఆనాడే పెట్టె తెఱచితిమి. చెడిపోయిన పదునాలుగింటిని చూచి అది ఏడ్వలేదు. ఒక్కొక్కదానిని ప్రక్కన వరుసగా పేర్చి, “మిగతావైనా జాగ్రత్తగా తీసికెళదాం” అన్నది. ముప్పదిరెండింటిని హైదరాబాదు చేర్చుట మాపని యయ్యెను. గట్టు పనులన్నిటిలో మొదటిది పట్టిక. ప్రతిబొమ్మను నాలుగుప్రక్కల ఫోటో తీసితిమి. సంఖ్య వేసి, విఱిగిన భాగము ముందేయున్నచో వ్రాసికొంటిమి. గార్డు తన బండిలోని పెట్టెలను లెక్కవ్రాసికొనక జెండా ఊపడు గదా.

రైలుపెట్టెలను జతపఱచు కొక్కెములను ముందుగా విడదీయవలెను. జతగానున్న రెంటిని ఒకమాఱు ఎత్తినచో, క్రిందిదాని బరువు పైదాని కొక్కెముపై పడి అది ఊడును. ఎత్తునపుడు అడుగునున్న గట్టి చట్రమును పట్టవలెను. ప్రక్కలనున్న గొట్టములను, చేతికఱ్ఱలను కాదు. విద్యుత్తు ఇంజను నెత్తిమీద తీగనంటు పరికరముండును. దానిని మడచి, సన్నని కాగితపుపట్టీతో వదులుగా కట్టవలెను. పిదప పలుచని కాగితము రెండుచుట్లు చుట్టి, ఒక్కొక్కదానిని కొలతకు కోసిన గదిలో నిలువవలెను. బరువు చక్రములపై పడక, మొండెమును ఇరుప్రక్కల నురగపలకలు పట్టియుండవలెను. ఇరుసులు సన్ననివి, ప్రయాణములో ఎగిరిపడు బరువును అవి మోయలేవు. పోతబండ్లు బరువైనవి, ప్లాస్టికుపెట్టెలు తేలికైనవి. రెంటికి వేఱువేఱు అరలు కావలెను. ఒకే అర తప్పనిచో బరువైనవి అడుగున. చివరకు, ఈ పెట్టెను దానికంటె పెద్దదగు మఱియొక పెట్టెలో పెట్టి, నడుమ అన్నివైపుల రెండంగుళముల మెత్తదనము నింపవలెను. బుడగల ప్లాస్టికుకు ఇక్కడ చోటు గలదు. మూత వేసి, చెవియొద్ద పెట్టుకొని మెల్లగా ఊపి చూడవలెను. లోపల చప్పుడైనచో సర్దుట పూర్తికాలేదు. మేము మూడుమార్లు విప్పి సర్దితిమి. మొదటిమాఱు చప్పుడు చేసినది మనుమరాలు తనకు తెలియకుండ వదలిన సుద్దముక్క.

పార్సెలులో పంపుదమా యని మా యల్లుడు అడిగెను. నాకు మనసొప్పలేదు. ఎన్ని “పదిలము” ముద్రలు వేసినను, చేతులుమాఱు సామాను విసరబడక తప్పదు. ఆ చేతులవారి తొందర వారిది. చేతిసామానుగా మేమే తీసికొనిపోతిమి. సీటుక్రింద నేలమీద పెట్టినచో చక్రముల అదురు తిన్నగా పెట్టెకు ఎక్కును. పైయరలో పెట్టినచో కుదుపునకు క్రిందపడును. మడచిన దుప్పటివేసి, దానిపై పెట్టెను ఉంచి, క్రింది బెర్తుమీద గోడప్రక్కకు జరిపితిమి. స్టేషనువఱకు ఆటోలో పోవునపుడు మాత్రము ఒడిలోనే. మా యూరి త్రోవలోని గోతులు నాకు పేరుపేరున తెలియును. అయినను ప్రతిగోతికి గుండె జల్లుమనినది.

ఏసీ పెట్టెలోనో, విమానములోనో తెచ్చువారు ఒకటి గుర్తుంచుకొనవలెను. చల్లనైన లోహమును ఉక్కబోయు గాలిలో ఒక్కమాఱుగ తెఱచినచో, మంచినీటి చల్లగ్లాసువలె దానికి చెమటపట్టును. ఆ నీటిబిందువులు సందులలోనికి దిగును. ఇల్లు చేరినపిదప పెట్టెను తెఱవక ఒకదినము అట్లే యుంచినచో, అది మెల్లగా గదివేడిని పొందును. విమానమున పోవువారు లిథియము బ్యాటరీలను, ముఖ్యముగా విడిగా నున్న వానిని, సామానులో వేయరాదు. వెంటనుండు సంచిలోనే ఉంచవలెనని నియమము. అమెరికాలోను, ఆస్ట్రేలియాలోను నున్న మన పిల్లలు పండుగకు వచ్చునపుడు ఇట్టి బొమ్మలు తఱచు తెచ్చుచున్నారు. వారికి ఈ రెండుమాటలును పనికివచ్చును.

మేము మధ్యాహ్నము నడికుడిలో బండియెక్కితిమి. కృష్ణ వంతెన మీదికి వచ్చినపుడు మనుమరాలు పెట్టెమీద రెండుచేతులు వేసి కూర్చుండినది. ఈ దారిలోనే ఆయన ఎన్నియోమార్లు కడపటి పెట్టెలో పచ్చజెండాతో పోయియుండిరి. ఆ మాట నేననలేదు, అదియే అడిగినది. అవునంటిని.

హైదరాబాదులో ఒకరాత్రి ఉంచి, మఱునాటి యుదయమున పెట్టె తెఱచితిమి. పట్టిక చేతబట్టి నేను సంఖ్యలు చదువుచుండగా అది ఒక్కొక్కటి విప్పినది. ముప్పదియొకటి చెక్కుచెదరలేదు. ముప్పదిరెండవది గార్డుపెట్టె. దాని వెనుక దీపపు కొక్కెము విఱిగియున్నది. నా గుండె ఆగినంతపని యయ్యెను. మనుమరాలు ఫోటోలు తిరగవేసి చూచి, “ఇది మన పట్టికలో ముందే ఉంది తాతయ్యా, పెద్దతాతయ్య ఉన్నప్పుడే విరిగింది” అని, ఆ పెట్టెను తీసి వరుసలో అన్నిటికంటె చివర నిలిపినది.